వనస్థలిపురం నుంచి నానక్‌రామ్‌గూడకు రోజూ: కారా, మెట్రోనా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. హైదరాబాద్ వనస్థలిపురంలో సొంతిల్లు, నానక్‌రామ్‌గూడలో కొత్త ఉద్యోగం, వారానికి నాలుగు రోజులు ఆఫీసుకు తప్పనిసరి. ప్రస్తుతం ఇంట్లో ఉన్నది ఒక బండి మాత్రమే. పది లక్షల్లో కారు తీసుకోమని ఇంట్లోవాళ్లు, మెట్రో ఉండగా కారెందుకని స్నేహితులు అంటున్నారు. మీ ఆవిడ కూడా అటువైపే ఉద్యోగం చూస్తున్నారని చివర్లో ఒక ముక్క రాశారు. ఎల్బీనగర్ అవతల ఉంటూ ఐటీ కారిడార్‌లో ఏళ్లుగా పనిచేస్తున్నవాణ్ని. ఈ దారిలో కారు నడిపాను, మెట్రోలో తిరిగాను, కొన్నాళ్లు రెండూ కలిపి కూడా చూశాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను. కేవలం ఈ ఉద్యోగం కోసమే అయితే కారు కొనొద్దు. అలాగని మీ స్నేహితులు చెప్పినట్టు ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి వెళ్లిపోతే సరిపోతుందనీ అనుకోవద్దు. అలా మొదలుపెట్టినవాళ్లు చాలామంది రెండు నెలలకే విసిగిపోయి షోరూమ్ మెట్లెక్కడం చూశాను. ఇంత దూరపు ప్రయాణంలో మధ్యలోని పాతిక కిలోమీటర్లలో మెట్రోను ఏదీ కొట్టలేదు. గెలుపోటములు తేలేది రెండు కొసల్లో. ఇంటి గడప నుంచి ప్లాట్‌ఫారం దాకా ఒక కొస, అటు చివరి మెట్రో స్టేషన్ రాయదుర్గం నుంచి ఆఫీసు కుర్చీ దాకా రెండో కొస. ఈ రెండూ కుదిరితే మెట్రో హాయి. కుదరకపోతే కారు కొనకుండా మిమ్మల్ని ఎవరూ ఆపలేరు.

మొదటి కొస సంగతి. మ్యాప్‌లో చూస్తే మీకు దగ్గరి స్టేషన్ ఎల్బీనగర్. అక్కడ రెడ్ లైన్ ఎక్కి అమీర్‌పేటలో దిగి, బ్లూ లైన్‌లోకి మారి రాయదుర్గం వెళ్లాలి. ఎల్బీనగర్ మొదటి స్టేషన్ కాబట్టి పొద్దున సీటు దొరుకుతుంది, మంచిదే. కానీ అమీర్‌పేటలో ఆ సీటు వదిలేసి, మెట్లమీద జనంతో పాటు కదిలి, అప్పటికే కిక్కిరిసి వస్తున్న బ్లూ లైన్ రైల్లో దూరాలి. మన మెట్రోకు ఉన్నవి మూడే బోగీలు. పొద్దున తొమ్మిది ప్రాంతంలో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా బ్యాగు ముందుకు వేసుకుని నిలబడటమే. సాయంత్రం ఇదే వరుస తిరగబడుతుంది. రాయదుర్గంలో సీటు దొరుకుతుంది, అమీర్‌పేటలో పోతుంది, అక్కడి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా రద్దీ తగ్గదు. పనిచేసి అలసిపోయిన ఒంటికి ఈ రెండో సగం చాలా భారం.

దీనికి నేను చెప్పే మందు నాగోల్. మీ ఇంటి నుంచి కామినేని ఆసుపత్రి మీదుగా బండి మీద ఇరవై నిమిషాలు. ఎల్బీనగర్ కంటే కొంచెం దూరమే, కానీ బ్లూ లైన్ అక్కడే మొదలవుతుంది. సీటు పట్టుకుని కూర్చుంటే మళ్లీ లేచేది రాయదుర్గంలోనే, మధ్యలో మారే పని లేదు. సాయంత్రం రాయదుర్గం కూడా మొదటి స్టేషనే కాబట్టి మళ్లీ సీటు దొరుకుతుంది. బాగా రద్దీగా ఉంటే ఒక రైలు వదిలేసి తర్వాతి దానికి ముందు వరుసలో నిలబడండి, రద్దీ వేళల్లో కొద్ది నిమిషాల్లోనే ఇంకోటి వస్తుంది. గంటకు కాస్త తక్కువ ప్రయాణం. పుస్తకం చదువుతారో, కళ్లు మూసుకుంటారో మీ ఇష్టం. మెట్రోలో టైమ్ మన చేతిలో ఉంటుందని అందరూ అంటారు, అది కూర్చున్నవాడికే నిజం. రాడ్ పట్టుకుని వేలాడేవాడికి ఫోన్ తీయడానికి కూడా చెయ్యి ఖాళీ ఉండదు. నాగోల్‌లో బండి పెట్టడానికి పార్కింగ్ ఉంది, డబ్బులు కట్టాలి. వానాకాలంలో ఈ ఎనిమిది కిలోమీటర్ల బండి ప్రయాణమే మీకు తలనొప్పి. రెయిన్‌కోటు, ఆఫీసు డ్రాయర్‌లో ఒక జత బట్టలు ఉంచుకోండి.

రెండో కొసే అసలు చిక్కు. మైండ్‌స్పేస్ ఐటీ పార్కు వైపు ఆఫీసులున్నవాళ్లు రాయదుర్గంలో దిగి నడిచి వెళ్లిపోతారు. వాళ్ల మాట విని మీరు మోసపోవద్దు. నానక్‌రామ్‌గూడ అక్కడి నుంచి ఇంకా ఆరేడు కిలోమీటర్లు. పొద్దున షేర్ ఆటోలు, బైక్ టాక్సీలు, ఆర్టీసీ బస్సులు ఉంటాయి, ఎలాగోలా వెళ్లిపోతారు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య విప్రో సర్కిల్, బయోడైవర్సిటీ జంక్షన్ల దగ్గర ఏది ఎక్కినా కదలదు. వాన పడితే క్యాబ్ బుక్ అవ్వదు, బైక్ టాక్సీ రాదు, ఆటోవాళ్లు నోటికొచ్చింది అడుగుతారు. ఆ గంటలో చాలామంది మనసులో కారు బుక్ అయిపోతుంది. కాబట్టి చేరకముందే హెచ్ఆర్ వాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: రాయదుర్గం స్టేషన్ నుంచి కంపెనీ షటిల్ ఉందా, ఉంటే సాయంత్రం ఎన్ని గంటల దాకా? కొన్ని కంపెనీలకు సొంత షటిల్ ఉంటుంది, కొన్నిచోట్ల ఐటీ పార్కు వాళ్లే నడుపుతారు. షటిల్ ఉంటే మీ సమస్యలో ముప్పావు వంతు తీరినట్టే. లేకపోతే సాయంత్రం అయిదులోపు బయటపడటమో, ఎనిమిది తర్వాత బయల్దేరడమో అలవాటు చేసుకోవాలి. మీ మేనేజర్ దానికి ఒప్పుకునే రకమా కాదా అనేది కూడా ఈ లెక్కలో భాగమే.

ఇప్పుడు కారు. అటు వెళ్లడానికి మూడు దారులు. నగరం మధ్యలోంచి మలక్‌పేట, చాదర్‌ఘాట్, మెహదీపట్నం, టోలిచౌకి మీదుగా వెళ్లేది మొదటిది. షేక్‌పేట ఫ్లైఓవర్ 2022లో వచ్చాక అటు చివర కాస్త మెరుగైంది, కానీ చాదర్‌ఘాట్ దాటేసరికే సగం ఓపిక అయిపోతుంది. రెండోది చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా రాజేంద్రనగర్ వెళ్లి, హిమాయత్‌సాగర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) ఎక్కి నానక్‌రామ్‌గూడలో దిగడం. సుమారు 35 కిలోమీటర్లు. మామూలు రోజుల్లో నేను ఎంచుకునేది ఇదే. పొద్దున ఏడుకు ముందే బయల్దేరితే గంటా పది నిమిషాలు. ఎనిమిది దాటితే గంటన్నర నుంచి గంటా ముప్పావు. మూడోది పెద్ద అంబర్‌పేటలో ఓఆర్ఆర్ ఎక్కి శంషాబాద్ చుట్టూ తిరిగి రావడం. ఓఆర్ఆర్ మీదే దగ్గర దగ్గర 60 కిలోమీటర్లు, ఇంటి నుంచి అక్కడికి వెళ్లేది అదనం. సిగ్నల్ లేని రోడ్డు, గంటకు 120 దాకా అనుమతి, టైమ్ దాదాపు గ్యారంటీ. కానీ కారుకు కిలోమీటరుకు రెండున్నర రూపాయల దగ్గర టోల్. అంటే ఒక్కవైపే 150 రూపాయల టోల్, నాలుగు లీటర్ల పైన పెట్రోలు. పోను రాను 1,200 అవుతుంది. విమానం పట్టుకోవడానికో, ముఖ్యమైన మీటింగ్‌కో పనికొస్తుంది తప్ప రోజూ తిరిగే దారి కాదు. రాత్రి ఎనిమిది తర్వాత ఆ రోడ్డు మీద నిద్ర ముంచుకొస్తుంది, అదొక భయం. బండి మీద వెళ్లిపోదామన్న ఆలోచన ఉంటే మానుకోండి. ఓఆర్ఆర్ ప్రధాన రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు, నగరం మధ్యలోంచి రోజూ 70 కిలోమీటర్లు బండి నడిపితే నడుము మిగలదు.

ఇక డబ్బు. ఇక్కడే అందరూ పెట్రోలు ఖర్చును టికెట్ ఖర్చుతో పోల్చి ఊరుకుంటారు. అది సగం లెక్క.

మెట్రో ఛార్జీలు 2025 మేలో పెరిగాయి. గరిష్ఠ ఛార్జీని 75 చేసి, వారం తిరక్కుండానే పది శాతం తగ్గించి 69 రూపాయలు చేశారు. మీకు పడేది ఆ గరిష్ఠమే, అంటే రోజుకు 138. నాగోల్ దాకా బండి పెట్రోలు, పార్కింగ్, రాయదుర్గం నుంచి ఆటో కలిపి ఇంకో 160 వేసుకోండి. రోజుకు 300 అనుకుందాం. వారానికి నాలుగు రోజుల చొప్పున నెలకు 17 రోజులు వస్తాయి, 5,100 రూపాయలు. షటిల్ ఉంటే ఇంకా తగ్గుతుంది.

కారు సంగతికొస్తే, రోజుకు 70 కిలోమీటర్లు. ఈ ట్రాఫిక్‌లో లీటరుకు 14 ఇస్తుందనుకుంటే అయిదు లీటర్లు. లీటరు 107 చొప్పున 535, నెలకు 9,100 దాకా. సర్వీసింగ్, టైర్లు కలిపి ఇంకో 1,600. మీరు ఒక్క ఆఫీసుకే ఏడాదికి 14 వేల కిలోమీటర్ల పైన తిప్పుతారు, అది చిన్న సంగతి కాదు. ఇంతవరకు 10,700. రెండు లక్షలు కట్టి ఎనిమిది లక్షలు అప్పు చేస్తే, తొమ్మిది శాతం వడ్డీతో అయిదేళ్లకు ఈఎంఐ 16,600 వస్తుంది. అందులో వడ్డీ నెలకు సగటున 3,300. అసలు ఎటూ పోదు, కారు మన దగ్గరే ఉంటుంది కదా అంటారు. ఉంటుంది, కానీ విలువ ఉండదు. బీమా లెక్కలోనే అయిదో ఏడు వచ్చేసరికి కారు విలువను సగానికి కోస్తారు. పది లక్షల కారు అయిదు లక్షలైతే నెలకు 8,300 కరిగిపోతున్నట్టు. బీమాకు నెలకు రెండున్నర, మూడు వేల మధ్య. అన్నీ కలిపితే నెలకు పాతిక వేలు. ఓఆర్ఆర్ టోల్ దీనిలో వేయలేదు, ఆఫీసు పార్కింగ్‌కు డబ్బులు అడిగితే అదీ అదనం.

మెట్రోకూ కారుకూ తేడా నెలకు ఇరవై వేలు. దానికి బదులుగా ఏం దొరుకుతోంది? మెట్రోలో గడప నుంచి కుర్చీ దాకా గంటా యాభై నిమిషాలు పడుతుందనుకోండి: బండికి ఇరవై, పార్కింగ్‌కూ ప్లాట్‌ఫారానికీ పది, రైల్లో యాభై అయిదు, చివరి కొసకు పాతిక. కారులో సగటున గంటన్నర. ఒక్కో ట్రిప్పుకు ఇరవై నిమిషాలు మిగిలితే నెలకు పదకొండు గంటలు. అంటే గంటను 1,800 రూపాయలకు కొంటున్నారు. మీ జీతానికి అది సబబే అనిపిస్తే నేను కాదనను. పైగా ఆ కారు ఆదివారాలు సినిమాకు, పండక్కి ఊరికి, రాత్రిపూట ఆసుపత్రికి కూడా పనికొస్తుంది కాబట్టి విలువ కరిగే లెక్కలో సగం కుటుంబం ఖాతాలో రాయడం న్యాయం. అప్పుడు కూడా గంటకు 1,400 దాకా తేలుతుంది. ఆ కొన్న పదకొండు గంటల కోసం మీరు నెలకు యాభై గంటలు స్టీరింగ్ ముందు కూర్చుంటారు, క్లచ్ తొక్కుతూ. అందులో ఒక్క నిమిషం కూడా మీది కాదు.

ఇందాక రాసిన గంటన్నర సగటు మాత్రమే. ఆఫీసుకు వెళ్లేవాడు సగటును నమ్మి బయల్దేరలేడు, చెడ్డ రోజును దృష్టిలో పెట్టుకుని బయల్దేరాలి. పది గంటలకు స్టాండప్ (టీమ్ రోజువారీ మీటింగ్) ఉంటే, ఏ లారీయో ఆరాంఘర్ దగ్గర ఆగిపోతుందేమోనని కారువాడు రోజూ ఎనిమిదికే ఇల్లు వదలాలి. త్వరగా చేరిన రోజున మిగిలిన అరగంట ఆఫీసు క్యాంటీన్ పాలు. మెట్రోవాడికి ఈ టెన్షన్ తక్కువ, పావుగంట అటూ ఇటూ. నా లెక్కలో మెట్రోకు పడే పెద్ద మార్కు ఇదే, డబ్బు దాని తర్వాతే. మెట్రో కూడా ఎప్పుడో ఒకసారి సాంకేతిక లోపమని ఆగిపోతుంది. అలాంటి రోజుకు ఉప్పల్ నుంచి మెహదీపట్నం వెళ్లే 300 నంబరు బస్సు ఎల్బీనగర్ మీదుగానే పోతుందని గుర్తుంచుకోండి, మెహదీపట్నం నుంచి గచ్చిబౌలికి బస్సులకు కొదవ లేదు. రోజూ అలా వెళ్లమని మాత్రం చెప్పను, రెండు గంటలు దాటుతుంది.

ఎలక్ట్రిక్ కారు గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి, ఎందుకంటే అది వస్తే లెక్క నిజంగానే మారుతుంది. 70 కిలోమీటర్లకు పది యూనిట్లు, యూనిట్ తొమ్మిది, తొమ్మిదిన్నర వేసుకున్నా వంద రూపాయలు దాటదు. మెట్రో టికెట్ కంటే తక్కువ! తెలంగాణలో 2024 నవంబరు నుంచి 2026 చివరిదాకా ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేకుండా చేశారు. సొంతిల్లు కాబట్టి ఛార్జర్ పెట్టుకోవడానికి అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌తో గొడవ కూడా ఉండదు. కానీ పది లక్షల్లోపు దొరికే వాటిలో ఎంపిక తక్కువ, వడ్డీ, విలువ తరుగుదల ఎక్కడికీ పోవు, చాదర్‌ఘాట్ దగ్గర జామ్ అయితే దానికీ అదే జామ్. ఎలాగూ కారు కొనక తప్పదని తేలితే, పెట్రోలు కారు కంటే ముందు అది చూడండి.

మీ ఆవిడ ఉద్యోగం సంగతి మీరు తేలిగ్గా రాశారు, నాకు మాత్రం అదే పెద్ద విషయంగా కనిపిస్తోంది. ఇద్దరికీ గచ్చిబౌలి చుట్టుపక్కలే ఆఫీసులు, దాదాపు ఒకే వేళలు అయితే మెట్రో ఖర్చు పది వేల దాకా అవుతుంది, కారు ఖర్చు అదే పాతిక వేలు. తేడా పదిహేను వేలకు దిగుతుంది, చీకటి పడ్డాక ఆటో కోసం ఆవిడ రోడ్డు మీద నిలబడే బెడద తప్పుతుంది. అప్పుడు నేను కారుకే మొగ్గుతాను. వేళలు వేరైతే మాత్రం కారు ఒకరికే, మరొకరు మెట్రోలోనే. ఆవిడకు రాత్రి షిఫ్ట్ అయితే మీరు తల పట్టుకోనక్కర్లేదు, ఇంటికి చేర్చే బాధ్యత కంపెనీది, ఆఫర్ లెటర్ దశలోనే అడిగి రాతపూర్వకంగా తీసుకోమనండి. మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆవిడకు ప్రయాణం ఉచితం కాబట్టి రాయదుర్గం నుంచి బస్సు కుదిరితే చివరి కొస ఖర్చూ ఉండదు. ఇంట్లో కారు లేకపోయినా మీ కాలనీ నుంచి అటు వెళ్లేవాళ్లు ఎవరైనా ఉన్నారేమో చూడండి. క్విక్ రైడ్ లాంటి యాప్‌లలో వెతికినా దొరుకుతారు. వారానికి రెండు రోజులు ఎవరి కారులోనో పెట్రోలు పంచుకుని వెళ్లినా చాలా తేలిక.

మెట్రో రెండో దశ వస్తుంది కదా, కొన్నాళ్లు ఓపిక పడదామా అని కూడా అడిగారు. రాయదుర్గం నుంచి కోకాపేట నియోపొలిస్‌కు 11.6 కిలోమీటర్లు, ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్‌కు 7.1 కిలోమీటర్లు రెండో దశ ప్రతిపాదనల్లో ఉన్నాయి. రాష్ట్ర మంత్రివర్గం 2024 అక్టోబరులో ఆమోదించింది. రెండూ మీ రెండు కొసలకూ పనికొచ్చేవే. కానీ మొదటి దశ పనులు 2012లో మొదలైతే మొదటి రైలు 2017 నవంబరులో నడిచింది, చివరి ముక్క జేబీఎస్–ఎంజీబీఎస్ 2020 ఫిబ్రవరికి గానీ తెరవలేదు. ఇప్పుడు తీసుకునే నిర్ణయానికి దాన్ని లెక్కలో వేయకండి.

మీరు అడగని ఇంకో దారి ఉంది. నెలకు పాతిక వేలు పెట్టడానికి సిద్ధంగా ఉన్నారంటే, దాదాపు ఆ మొత్తానికి మణికొండ, పుప్పాలగూడ వైపు డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు అద్దెకు దొరికే అవకాశం ఉంది. మీ ఇల్లు అద్దెకిస్తే కొంత తిరిగొస్తుంది. ప్రయాణం అరగంటకు దిగుతుంది. అమ్మానాన్నలు, పిల్లల బడి ఉంటే ఇది తేలిగ్గా తెగేది కాదు, మీరు ఆ వివరాలు రాయలేదు.

చివరగా, ఏదో ఒకటి కొనేముందు రెండు వారాలు నేను చెప్పిన నాగోల్ దారిలో వెళ్లి చూడండి. మంగళ, బుధ, గురువారాలు తప్పక కలవాలి, ఐటీ కారిడార్ అసలు రద్దీ ఆ మూడు రోజుల్లోనే తెలుస్తుంది. సోమ, శుక్రవారాలు చూసి ఫర్వాలేదనుకోవద్దు. రాయదుర్గం నుంచి ఆఫీసు చేరడానికీ, సాయంత్రం తిరిగి స్టేషన్‌కు రావడానికీ పట్టిన టైమ్ మాత్రం ఫోన్‌లో రాసుకోండి. సాయంత్రం ఆ ముక్క తరచూ నలభై నిమిషాలు దాటుతుంటే, షటిల్ కూడా లేకపోతే, అప్పుడు ఎలక్ట్రిక్ కారు టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లండి. షటిల్ వేళలు, మీ ఆవిడ ఆఫీసు ఎక్కడో తెలిశాక ఇక్కడే రాయండి, మిగతా లెక్క అప్పుడు చూద్దాం.